చల్లబరిచిన గది

"అంత పెద్దమనిషి! మన మేడ మీద వేడికి కళ్ళు తిరిగి పడిపోతే ఎవరిదే పూచీ?" అంది మెట్లక్క, పై అంతస్తు మెట్టు మీద తడిగుడ్డ పిండుతూ.

"పడనీ అమ్మా. పిలిచిందే అందుకు," అంది కూతురు నవ్వుతూ.

"ఛీ! పొద్దున్నే ఏం మాటలవి?"

ఆ పాత క్వార్టర్స్‌లో ఆమె అసలు పేరుతో ఎవరికీ పని పడలేదు. మెట్లు ఊడ్చి తుడిచేది కాబట్టి మెట్లక్క అయింది. పంపు చూసుకునే భర్త పోయాక ఆ చీపురే ఆమెనూ పిల్లనూ నిలబెట్టింది. వంగి వంగి నడుం ఒక పక్కకు ఒరిగిపోయింది. మోకాళ్ళు కాయలు కాచాయి. పిల్ల బడి నుంచి రావడం ఆలస్యమైతే ఏ బస్సు కిందో పడిందనుకునేది. ఎవరింట్లోనైనా పిలుపుకు పలక్కపోతే పోయారనుకునేది. ఆమె భయపడ్డది ఒక్కటీ జరగలేదు. తను భయపడబట్టే జరగలేదని ఆమె నమ్మకం.

కూతురు ఇప్పుడు ఆ ఇళ్ళ సంఘానికి కార్యదర్శి. పాత భవనాలకు ఎండను ఆపే పైకప్పు, గాలి ఆడే కిటికీలు, తక్కువ కరెంటుతో నడిచే ఫ్యాన్లు పెట్టుకోవడానికి తక్కువ వడ్డీకి అప్పు ఇప్పించే చట్టం వచ్చే వారం శాసనసభ ముందుకు వస్తోంది. వాళ్ళ ప్రాంతపు సభ్యుడు ఎటూ తేల్చడం లేదు. "ఒక్కసారి మా పై అంతస్తులో కూర్చుని చూడండి సార్, తర్వాత మీ ఇష్టం" అని వెంటపడి మరీ ఒప్పించింది. పొద్దెక్కాక వస్తానన్నాడు. చూపించాల్సింది సరిగ్గా కప్పు కిందే ఉన్న టైలరు తాత గది.

కూతురు గేటు దగ్గరికి దిగిపోయాక మెట్లక్క ఆ గదిలోకి తొంగి చూసింది. నేలంతా గుడ్డ పీలికలు. మంచం నిండా కత్తిరించిన చొక్కాలు. గోడ మీద చెయ్యి వేస్తే పెనం మీద వేసినట్టు చురుక్కుమంది. పెద్దమనిషిని ఇందులో కూర్చోబెట్టడమా? పరువు పోదూ? ఎదురుగా ఖాళీగా పడివున్న గది గుర్తొచ్చింది.

ఆ తర్వాత అంతా చకచకా జరిగిపోయింది. కింది ఇళ్ళ నుంచి ఫ్యాన్లు వచ్చాయి. ఎవరో కూలరు మోసుకొచ్చారు. మెట్లక్క కిటికీకి తడి దుప్పట్లు కట్టి, నేల మీద నీళ్ళు కొట్టింది. ఇంకా చాలదనిపించింది.

"తాతా, మీ టేబుల్ ఫ్యాను ఒక్క అరగంట ఇస్తారా?"

తాత సూదిలో దారం ఎక్కిస్తున్నాడు. తల ఎత్తలేదు. "పట్టుకుపో అమ్మాయ్. అది గాలి తక్కువ, గోల ఎక్కువ. అచ్చం నీలాగే."

"మరి మీకో?"

"నన్నీ గది ఎప్పుడో ఇస్త్రీ చేసేసింది. ఇంకా ముడతలెక్కడివి?"

ఆమె నవ్వేసింది. కూతురు చిన్నప్పుడు వేసుకున్న ప్రతి గౌనూ ఆయన మిగులు గుడ్డల్లోంచి తీసినదే. కూలి ఇవ్వబోతే, "పిల్ల పెద్దయ్యాక నాకో మంచి కిటికీ పెట్టించమను" అనేవాడు.

పొద్దున సభ్యుడు రాలేదు. ఏదో మీటింగు, మధ్యాహ్నం వస్తానన్నాడట. మధ్యాహ్నమూ దాటింది. ఫ్యాను తిరిగి ఇచ్చేద్దామని మెట్లక్క ప్లగ్గు మీద చెయ్యి వేసింది. తీసీ తీయగానే ఆయన వస్తేనో? వచ్చి పడిపోతేనో? చెయ్యి వెనక్కి తీసుకుంది.

"మంచినీళ్ళు తెమ్మంటారా తాతా?" అని బయటి నుంచే కేకేసింది.

మిషను చప్పుడు ఆగింది. "ఉన్నాయిలే."

గొంతు పలచగా వినిపించింది. లోపలికి వెళ్ళేదే, అంతలో కింద కారు హారను మోగింది. పరుగున దిగింది. ఆ కారు ఇంకెవరిదో. ఇక పైకి ఎక్కే ఓపిక లేక కూతురి పక్కనే గేటు దగ్గర కూలబడింది.

ఎండ వాలే వేళకు సభ్యుడు వచ్చాడు. ఆయాసపడుతూ మెట్లన్నీ ఎక్కి, గదిలో అడుగుపెట్టి, "హమ్మయ్య!" అని కుర్చీలో వాలాడు. "ఎంత హాయిగా ఉందమ్మా! మా ఆఫీసు కన్నా నయం. ఏదో కొలిమి అన్నావు?"

కూతురు తిరుగుతున్న ఫ్యాన్లను, తడి దుప్పట్లను, చివరికి తల్లిని చూసింది. "అమ్మా... ఏం చేశావే?"

"ఇంటికొచ్చిన మనిషిని ఉడకబెట్టమంటావా?"

సభ్యుడు పెద్దగా నవ్వాడు. కూతురు నవ్వలేదు. "సార్, చట్టానికి ఓటేస్తారా?" అని సూటిగా అడిగింది. ఆయన ఫోను చూసుకున్నాడు.

"పోనీ, ఎదురు గది కూడా చూసి వెళ్ళండి," అని ఆమె వెళ్ళి తలుపు తోసింది.

వేడి మొహాన కొట్టింది. తాత మిషను మీద తల వాల్చి ఉన్నాడు.

"తాతా, లేవండి. సార్ వచ్చారు." మెట్లక్క భుజం తట్టింది. అంత ఉక్కలోనూ చొక్కాకు చెమట తడి లేదు. ఒళ్ళు పొడిగా కాలిపోతోంది. తల ఒక పక్కకు జారింది. కళ్ళు సగం తెరిచి ఉన్నాయి.

సభ్యుడు ఒక్క అంగలో వచ్చి మణికట్టు పట్టుకున్నాడు. మెడ మీద వేళ్ళు పెట్టి చూశాడు. మళ్ళీ మణికట్టు. అంబులెన్సుకు ఫోను చేసిన కూతురికి తను పుట్టి పెరిగిన చోటి చిరునామా నోటికి రాలేదు. తడుముకుని తడుముకుని చెప్పింది. సభ్యుడు ఆ చేతిని మెల్లగా తాత ఒళ్ళో పెట్టి, తల అడ్డంగా ఊపాడు.

మెట్లక్క ఏడవలేదు. ఏడుపు ఎక్కడుందో దొరకలేదు. అందరి కోసం భయపడింది. ఈయన కోసం భయపడాలని ఎందుకు తట్టలేదు?

"ఆయన ఫ్యానే మీకు పెట్టానండీ," అంది సభ్యుడితో, మామూలు గొంతుతోనే. "అరగంటకని తెచ్చాను."

ఎదురు గదిలో ఫ్యాన్లు ఖాళీ కుర్చీకి విసురుతూనే ఉన్నాయి. సభ్యుడి చొక్కా వీపుకు అంటుకుపోయింది. గడ్డం మీంచి చెమట కారుతున్నా తుడుచుకోలేదు, బయటికీ వెళ్ళలేదు. కింద అంబులెన్సు వచ్చి ఆగింది. మెట్ల మీద అడుగుల చప్పుడు మొదలైంది.

"వేస్తాను," అన్నాడు చివరికి.

ఏ ప్రశ్నకు జవాబో మెట్లక్కకు అందలేదు. ఆమె మిషను పక్కకే చూస్తోంది. అక్కడ, తాత గుడ్డ మీద గీతలు గీసుకునే మైనపు బిళ్ళ వేడికి మెత్తబడి, ఆయన బొటనవేలి గుంటతో వంగిపోయి ఉంది.