ఎదురొచ్చిన రాజవ్వ

బస్సు సముద్రం మీద పోతోంది, మా కోరుట్ల రోడ్డు మీద పోయినట్టే గతుకు గతుకుగా పోతోంది, నేను ముందు సీటు కమ్మీని రెండు చేతులా పట్టుకుని, ఇంత బరువున్న బస్సు నీళ్ల మీద ఎంతసేపు నిలుస్తుంది, ఎక్కడ మునుగుతుంది అని కిటికీలోంచి కిందికే చూస్తున్నాను. పక్క సీట్లో మా యారాలు రాజవ్వ, మా బావ భార్య, పోయిన వానాకాలంలో జ్వరంతో కన్నుమూసిన మనిషి, ఒళ్లో స్టీలు గిన్నె పెట్టుకుని తాపీగా సర్వపిండి తుంచుకు తింటోంది. చనిపోయిన మనిషి పక్కన కూర్చుందని కాదు నా భయం, గతుకులో ముద్ద గొంతుకు అడ్డం పడుతుందేమోనని.

"అక్కా, గిన్నె మూత పెట్టు. మెల్లగ దిగినంక తిందువు గని."

"సచ్చినదానికి గొంతులేం అడ్డం పడుతదే సుగుణా?" అని నవ్వి, ఒక ముక్క నా నోటికి అందిస్తోంది. "నువ్వు ఇంక మారలే. అప్పుడు గూడ గిట్లనే కమ్మి పట్టుకున్నవ్, కోరుట్లల పట్టుకున్నది వైజాగుల ఇడిసినవ్."

అప్పుడు అంటే మా గల్లీ ఆడవాళ్లమంతా బస్సు మాట్లాడుకుని వైజాగు, అరకు చూసొచ్చినప్పుడు. నా బిడ్డ స్రవంతికి నాలుగేళ్లు. నేనూ రాజవ్వా సముద్రం చూసింది ఆ ఒక్కసారే. ఇప్పుడు బస్సు కిటికీ అవతల అదే ఒడ్డు కనిపిస్తోంది, అదే ఎండ, ముంతమసాలా బండి దగ్గర అదే పొగ, ఆ ఒడ్డు మీద నేను స్రవంతి చేతిని నా కొంగుతో ముడేసి నిలబడి ఉన్నాను, అల రాకముందే వెనక్కి గుంజుతున్నాను, రాజవ్వ మాత్రం చీర మోకాళ్ల మీదికి ఎగదోపి నీళ్లలోకి పోయి, ఖాళీ సీసాలో సముద్రాన్ని నింపుకుంటోంది.

"ఆ నీళ్లు ఏం జేసినవక్కా?"

"ఏం జేస్త! ఎదురింటి బాలవ్వ సముద్రం ఉప్పగుంటదంటె నమ్మకపాయె. ఒక గుక్క తాపిచ్చిన. మూడు దినాలు నాతోని మాట్లాడలే."

నేను నవ్వుతున్నాను, నవ్వుతుండగానే బస్సు రైలైపోతుంది, ఎప్పుడైందో తెలియదు, సీట్లు అవే, కిటికీలకు ఊచలు వచ్చాయి, బయట సముద్రం ఉన్నచోట కొండలు పచ్చగా లేస్తున్నాయి, లోయలో మేకలు చీమల్లా కనిపిస్తున్నాయి, రైలు కొండ కడుపులోకి దూరగానే పిల్లలంతా ఓ అని అరుస్తున్నారు, నేను గబుక్కున స్రవంతి ముఖాన్ని కొంగుతో కప్పుతున్నాను, పైనుంచి రాయి రాలితే, దుమ్ము కళ్లలో పడితే, ఈ చీకట్లో ఎవరైనా పిల్లను ఎత్తుకుపోతే. ప్రతి సొరంగంలోనూ కప్పాను. ఇప్పుడూ కప్పుతున్నాను, కానీ ఒళ్లో బరువు పెరుగుతోంది, కొంగు తీసి చూస్తే ఒళ్లో పందొమ్మిదేళ్ల స్రవంతి, కాళ్లు నడవాలోకి చాపుకుని, భుజాన కాలేజీ బ్యాగుతో.

"అమ్మా, పొద్దుగాల బస్సు. పోవాల్నా వద్దా చెప్పు."

కాలేజీ వాళ్లు పిల్లలను వైజాగు, అరకు తీసుకుపోతున్నారు. వాళ్ల నాయిన సరే అన్నాడు. నేను వారం నుంచి రేపు చెప్తాలే అంటున్నాను, రాత్రి పడుకునేముందు కూడా పొద్దున్నే చెప్తాలే అన్నాను. జవాబు కోసం రాజవ్వ వైపు తిరిగితే పక్క సీట్లో గిన్నె ఉంది, ఆమె లేదు.

రైలు సొరంగం మధ్యలో ఆగింది. స్రవంతి దిగి, దూరంగా గుండ్రంగా కనిపిస్తున్న వెలుతురు వైపు పట్టాల మీద నడిచిపోతోంది, దిగుదామంటే నా కొంగు ఎక్కడో సీటుకు ముడిపడి ఉంది. ఆ వెలుతురులోంచి ఒక మనిషి ఎదురొస్తోంది, చంకన నీళ్ల బిందె, బొట్టు లేని నుదురు.

"అక్కా, పక్కకు జరుగు! బిడ్డ బయలెల్లుతుంది!"

నా గొంతే నాకు గోడల నుంచి తిరిగి వినిపిస్తోంది. మా దిక్కు ప్రయాణానికి ముత్తైదువ ఎదురు రావాలి. మొగుడు పోయిన ఆడమనిషి ఎదురైతే ఇంట్లోకి తిరిగొచ్చి, నీళ్లు తాగి, కాసేపు కూర్చుని మళ్లీ బయలుదేరుతాం. రాజవ్వకు ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది. చిన్న వయసులోనే బావ పోయాడు, అప్పటి నుంచి ఇంట్లో ఎవరు చెప్పులు వేసుకున్నా తనే పెరట్లోకి పోయి నీళ్ల గోలెం చాటున నిలబడేది. ఆ టూరుకు పోయిన పొద్దున కూడా, మేమంతా ఎక్కి కూర్చున్నాక, అందరికంటే చివర వచ్చి ఎక్కింది.

ఇప్పుడు మాత్రం జరగడం లేదు.

"ఎందుకు జరగాలె?" అంటోంది, నడక ఆపకుండానే. "ఈ పిల్ల పుట్టిననాడు నీకు ఎదురొచ్చిందెవరే?"

సొరంగం గోడ మా గల్లీ మలుపు అయిపోతుంది. నొప్పులతో నన్ను ఆటోలో కూర్చోబెట్టారు, ఆటో కదిలింది, నల్లా దగ్గర నుంచి బిందెతో రాజవ్వ ఏమీ తెలియక మలుపు తిరిగి సూటిగా ఎదురైంది. అత్తమ్మ నెత్తి కొట్టుకుని, ఆటో వెనక్కి తిప్పమని అరిచింది. నొప్పులు ఆగితే కదా, ఆటో ముందుకే పోయింది. దారి పొడవునా నేను పిల్ల దక్కదనే అనుకున్నాను.

"ఆ దినమంత నేను అన్నం ముట్టలే," రాజవ్వ బిందె కింద పెట్టి నడుము సవరించుకుంటోంది. "తల్లీబిడ్డ మంచిగున్నరని కబురొచ్చినంక, నిలవడే తిన్న. చల్లబడ్డ అన్నం, మామిడికాయ తొక్కు. అంత రుచి మళ్ల ఎన్నడు తగల్లే."

"నాకెన్నడు చెప్పలేదేందక్కా?"

"నువ్వెన్నడు అడిగినవ్?"

నీళ్లు ఎక్కడినుంచో వచ్చి పట్టాలను కప్పుతున్నాయి, గోరువెచ్చగా, ఉప్పు వాసనతో. అడగాలనుకున్నవన్నీ, ఆసుపత్రిలో ఆఖరి రోజు ఏం చెప్పబోయావని, దాహంగా ఉండెనా అని, అన్నీ ఒక్కసారే నోటిదాకా వచ్చి, బయటికి వేరే మాట వస్తోంది.

"నీకేం కావాలక్కా?"

"నాకా?" కాసేపు ఆలోచిస్తోంది, బజారులో గాజులు ఎంచుకుంటున్నట్టు. "ఆనాడు తెలువక ఎదురొచ్చిన. ఒక్కపారి తెలిసి రావాలె. గోలెం చాటుకు పోకుండ. నేను పెంచిన పిల్ల గదనే."

"సముద్రం గుంజుకపోతే? బస్సుకేమన్న అయితే? నువ్వు ఎదురొచ్చినందుకే అయిందని నా మనసుకు అనిపిస్తే, నేనెట్ల బతకాలె?"

"ఏం గాకపోతే మరి? నేనొచ్చినందుకే మంచిగ తిరిగొచ్చిందని అంటవా? అనవు. నీకు చెడ్డకే లెక్క తెలుసు," అని పకపకా నవ్వుతోంది రాజవ్వ, స్రవంతి ఆమె ముందు దాకా పోయి ఆగింది, పిల్ల చెంపల మీద పడిన వెంట్రుకలను ఆమె తడి చేత్తో చెవి వెనక్కి దువ్వుతోంది, పో అని నేను అనలేదు, వద్దని కూడా అనలేదు, ఇద్దరూ నా నోటి వైపే చూస్తున్నారు, రైలు కూత వేస్తోంది, ఆ కూత సన్నబడి సన్నబడి మా వంటింట్లో కుక్కరు విజిల్ అవుతోంది.

కళ్లు తెరిచాను. తెల్లవారింది. స్రవంతి స్నానం చేసి, బ్యాగు పట్టుకుని, గడప లోపల నిలబడి నన్నే చూస్తోంది. వాకిట్లో, గడపకు సూటిగా ఎదురుగా, ప్లాస్టిక్ కుర్చీలో రాజవ్వ ఫోటో ఆనించి ఉంది. గోడ మీద నుంచి పిల్లే దించినట్టుంది. ఫోటోకు దండ లేదు. దండ తీసి జాగ్రత్తగా కిటికీలో పెట్టింది.

"కోప్పడకమ్మా," అంది మెల్లగా. "నువ్వు వద్దంటే బ్యాగు లోపల పెడుత. పొమ్మంటే మాత్రం, పెద్దమ్మ ఎదురొస్తేనే పోత."

నేను లేచి వాకిట్లోకి వచ్చాను. ఫోటో తీసేస్తానేమోనని పిల్ల నా చేతుల వైపే చూస్తోంది. కుర్చీ ఒక కాలు పల్లంలో ఉండి ఫోటో కొంచెం పక్కకు ఒరిగింది. కుర్చీని జరిపి, ఫోటోను నిటారుగా, గడపకు నేరుగా నిలబెట్టాను.

"దా బిడ్డా," అన్నాను. "మోకాళ్లు దాటి నీళ్లల్ల దిగకు."