ఇరవై ఎనిమిది కిలోలు

మా నాన్న కాటాలు బాగుచేసేవాడు. పనంతా మా ఇంటి ముందు గదిలోనే. బాగుచేసిన కాటాను సరిచూసేందుకు ఇనప రాళ్లున్నా, వాటిని మోయడానికి ఆయన నడుం ఒప్పుకునేది కాదు. అందుకని నన్ను ఎక్కించేవాడు. నాకు తొమ్మిదేళ్లు, బరువు ఇరవై ఎనిమిది కిలోలు. "ఎక్కవే బంగారం" అనేవాడు. ముల్లు ఇరవై ఎనిమిది దగ్గర ఆగితే ఆ రోజుకి ఇంట్లో అందరి ప్రాణం కుదుటపడేది.

ఒకసారి ముల్లు ఇరవై తొమ్మిది చూపించింది. నేను పెరిగానని ఆయనకి తట్టలేదు. కాటా విప్పి, ఇరవై ఎనిమిదికి సర్ది పంపించాడు. మర్నాడు ఆ కాటా తాలూకు కొట్టతను వీధిలో నిలబడి నానా మాటలూ అన్నాడు. రాళ్లు పెట్టి చూస్తే తప్పు నాదని తేలింది. నాన్న లోపలికొచ్చి అమ్మ జుట్టు పట్టుకున్నాడు.

"దానికేం మేపుతున్నావే?"

ఇక పెరగకూడదని ఆ పూటే నిర్ణయించుకున్నాను. పదమూడో ఏడు వచ్చినా ఇరవై ఎనిమిదే. తిన్నది తిన్నట్టు కక్కేసేదాన్ని. అమ్మకి తెలుసు. తెలిసీ నోరు మెదపలేదు. ఆమె వీపు బతికిపోయింది మరి. నేనామెను ఇప్పటికీ క్షమించలేదు.

ఇప్పుడు నా కూతురికీ తొమ్మిదేళ్లే. పోయిన ఆదివారం నాన్నను చూడటానికి వెళితే, మూలనున్న పాత కాటా దులిపి పిల్లని ఎక్కించాడు.

"ముప్పై ఒకటి! నీ ఈడులో మీ అమ్మ ఇరవై ఎనిమిదే. నాలుగేళ్లు ముల్లు కదల్లేదు, తెలుసా?" అని మురిసిపోయాడు.

నేను నవ్వాను. ఆ నవ్వుకి నా చెంప నేనే వాయించుకోవాలి.

అప్పట్నుంచీ పిల్ల సగం కంచం వదిలేసి లేచిపోతోంది. ఇవాళ బతిమాలితే, "నువ్వు తింటే తింటా" అని మొండికేసింది. ఎవరి ముందూ కడుపునిండా తిననిదాన్ని, పిల్లకి ఎదురుగా కూర్చుని కంచం ఖాళీ చేశాను. నా ముద్దలు లెక్కపెట్టుకుంటూ అదీ తిన్నది. గండం గడిచిందనుకున్నాను.

చెయ్యి కడుక్కుని, అలవాటు ప్రకారం బాత్రూంలోకి వెళ్లి గడియ పెట్టాను. చప్పుడు బయటికి వినబడకుండా కుళాయి తిప్పాను.

తలుపు మీద చిన్నగా తట్టింది.

"అమ్మా, నీ తర్వాత నేను."

"దేనికే?"

"నువ్వు దేనికెళ్లావో దానికే."

కుళాయి కట్టేశాను. బయటికొచ్చి తలుపు మూసి, దానికి వీపు ఆనించి కూలబడ్డాను. పిల్లని ఒళ్లోకి లాక్కున్నాను. తిన్నదంతా గొంతులోకి తన్నుకొస్తోంది. పళ్లు బిగబట్టాను.

"ఎంతసేపు కూర్చోవాలమ్మా?"

"అరిగేదాకా" అన్నాను.