కాలర్ మొన

నిన్న మా కళ్ల ముందే మా మిషన్లను లారీకెక్కించారు. పద్నాలుగేళ్లు నేను చొక్కాల కఫ్‌లు కుట్టిన మిషన్ కూడా అందులోకే ఎక్కింది. ఫ్యాక్టరీని సముద్రం అవతలి దేశానికి తరలిస్తున్నారట. అక్కడ మా కూలిలో మూడో వంతుకే కుడతారట. ఆ మాట చెప్పడానికి మేనేజరు బయటికి కూడా రాలేదు, గేటుకి కాగితం అంటించి ఊరుకున్నాడు. వాడి మొహం మండ. రేపు మీ గేటుకీ అలాంటి కాగితమే అంటించొచ్చు, అందుకే చెబుతున్నాను.

అసలు మా కొంప మేమే ముంచుకున్నాం. రెండు నెలల కిందట ఆ దేశం నుంచి ఒక అమ్మాయిని తెచ్చి, మన కంపెనీ మనిషే, పని నేర్పండన్నారు. కాలర్లు కుట్టే పెద్దామెను మేం కాలరక్క అంటాం. ఆవిడ మురిసిపోయింది. ఆవిడ పనితనం ఏమిటంటే, కాలర్ మొన దగ్గర కుట్టులో చిన్న దారం వదిలి, కాలర్ తిరగేశాక ఆ దారం పట్టి లాగితే మొన చక్కగా నిలబడుతుంది. ఏ మిషనూ చెయ్యలేని పని అది. ఒకరి భాష ఒకరికి రాదు. అక్క ఆ పిల్ల చేతిమీద చెయ్యి వేసి పది రోజుల్లో నేర్పేసింది. మేమూ చుట్టూ చేరి మెచ్చుకున్నాం, నేర్చుకుని ఆ పిల్ల తన దేశం వెళ్తుంటే సాగనంపాం కూడా, వెర్రిబాగులవాళ్లం.

నిన్న సాయంత్రం గేటు బయట మీటింగులో, చొక్కాలు ఇస్త్రీ చేసే మా ఇస్త్రీ అన్న, అక్క మీద విరుచుకుపడ్డాడు. చేతిలో పనితనం అంతా ధారపోసి అందరి నోటికాడ కూడు తీసిందన్నాడు. నేనూ నాలుగు మాటలన్నాను, ఇప్పుడు సిగ్గేస్తోంది. అక్క తల దించుకుని అంతా వింది.

"తప్పు నాదే. ఆ పిల్లని మాత్రం తిట్టకండి. దానింట్లోనూ పొయ్యి వెలగాలిగా."

 ఆ తర్వాత, లారీని మాత్రం కదలనివ్వకూడదని అందరం అనుకున్నాం.

ఇవాళ పొద్దున మూడొందల మందిమి గేటుకి అడ్డంగా కూర్చున్నాం. గంటసేపు కూడా ఆపలేకపోయాం. పోలీసులు జబ్బలు పట్టి ఈడ్చి వ్యాన్లలో పడేశారు. ఇస్త్రీ అన్న తల పగిలింది. లారీ మా చెప్పుల మీదుగానే వెళ్లిపోయింది. పోలీసు వ్యాన్ జాలీలోంచి దాన్ని చూస్తూ ఏడ్చాను. ఇంక మా చేతుల్లో ఏముంది?

పక్కనే కాలరక్క తన సంచిలోని గుడ్డముక్కతో ఇస్త్రీ అన్న గాయం అదిమి పట్టి కూర్చుంది. రెండో చేత్తో తన ఫోను నాకిచ్చింది. అందులో ఆ పిల్ల నంబరుందట, మా ఫొటో తీసి పంపమంది. పంపి ఏం లాభం, భాషే రాదుగా అన్నాను.

"కాలర్ నేర్పడానికి ఏ భాష వచ్చింది నాకు? ఇంకా తక్కువ కూలికి ఎవరైనా దొరికితే రేపు దాన్నీ వదిలేసి పోతారు వీళ్లు. గేటుకి అడ్డం కూర్చోవడం నేను దానికి నేర్పలేదు. అదొక్కటీ మిగిలిపోయింది."

కాలర్లవాళ్లు, కఫ్‌లవాళ్లు, ఇస్త్రీవాళ్లు అందరం ఒకరి చెయ్యి ఒకరం పట్టుకున్నాం. ఫొటో తీసి పంపాను. వ్యాన్ కదిలింది. స్టేషన్ చేరేదాకా ఆ ఫోను వంకే చూస్తూ కూర్చున్నాం. ఆ పిల్ల ఇంకా చూడలేదు.