మూతి కోసిన డబ్బాలు

కొవ్వొత్తుల అచ్చుల కోసం నేను పడని పాట్లు లేవు. స్టీలు గ్లాసులో మైనం పోస్తే కొవ్వొత్తి ఊడి రాలేదు. టీ గ్లాసు పగిలింది. ప్లాస్టిక్ పైపు ముక్క వేడికి వంగిపోయింది. తొంభై ఎనిమిది మార్చి అది. మచ్చ బొల్లారంలో సాయంత్రం ఆరయితే చాలు, కరెంటు పోయేది. కొట్లో కొన్నవి అరగంటకే కారిపోతున్నాయని, నేనే చేసి చూపిస్తానని కాలనీ అంతటా గొప్పలు పోయాను. నోరు జారాక వెనక్కి తగ్గే మనిషినా నేను!

అప్పుడు మా పనిమనిషి సాలమ్మ రెండు అల్యూమినియం డబ్బాలు తెచ్చింది. లాల్‌గడి మలక్‌పేట్ నుంచి రోజూ బస్సులో వస్తుంది. వాటి మూతి కోయించి, చింతపండు పెట్టి తళతళా తోమింది. ఎక్కడివని అడగలేదు. నా ముఖానికి అంత బుద్ధి కూడానా! ఉన్న మైనం అయిపోయి, మళ్లీ తెప్పించేసరికి మూడు రోజులు పట్టింది. వచ్చిన రోజే పోశాను. ఆరాక బోర్లిస్తే నున్నటి కొవ్వొత్తి చేతిలోకి జారింది. మురిసిపోయి పక్కింటి బాలాత్రిపురసుందరిగారికిచ్చాను. వాళ్ల సహస్రకి పదో తరగతి పరీక్షలు. ఆ పిల్లకి ఉబ్బసం కూడా.

మర్నాడు సాలమ్మ బాగా పొద్దుపోయి వచ్చింది.

"మనవరాలికి పానం మంచిగ లేదమ్మా. నాలుగు దినాల సంది రోజారాణి ఏం తిన్నా కక్కుతాంది. ఎండదెబ్బ తాకినట్టుంది" అంటూ అంట్ల ముందు కూర్చుంది.

"అయ్యో పాపం" అన్నాను. నా ధ్యాసంతా కొవ్వొత్తుల మీదే. "ఆ డబ్బాలు ఇంకో నాలుగు దొరుకుతాయా?"

"మస్తు దొరుకుతయ్. ద్రాక్షతోటల పురుగుల మందు కొట్టినంక పారేస్తరు గదా. పుర్రె బొమ్మ కాయితం నేనే గీకేసిన."

నా కొవ్వొత్తి పక్కింట్లో ఉంది! సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.

చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తాను. పక్కింటి కిటికీలో కొవ్వొత్తి వెలుగు కనిపించింది. "సహస్రా!" అన్నాను. పలుకు లేదు. తలుపు తోసి చూస్తే, పిల్ల పుస్తకం మీద తల వాల్చేసి ఉంది. భుజం పట్టి ఊపాను. భగవంతుడా, ఆ ఒక్క క్షణం నేను బతికిలేను.

"ఏంటాంటీ, నిద్ర పట్టేసింది" అంది, ఆవలిస్తూ.

పెరట్లోంచి సుందరిగారు వచ్చారు. "మీ కొవ్వొత్తా? వెలిగించడానికి చేతులు రాలేదండీ. షోకేసులో పెట్టాను. ఇది కొట్లోదే."

ఏమీ చెప్పకుండా నా కొవ్వొత్తి లాక్కొచ్చేశాను. మా పెరట్లో అంట్ల రాయి దగ్గర కూలబడ్డాను.

"ఆ విషం పొగ పీలిస్తే పిల్ల ఏమైపోయేదే సాలమ్మా!"

సాలమ్మ నవ్వింది. "గింత దానికే పరేషానైతరేందమ్మా! కడిగినంక ఏముంటది? గసొంటిదే ఒకటి మా ఇంట్ల పెట్టుకున్న. నీళ్లు సల్లగుంటయని రోజారాణి దాంట్లనే తాగుతది."

కూర్చున్నదాన్ని లేచి నిలబడ్డాను. "ఎప్పట్నుంచి?"

"మీకు తెచ్చిన నాటి సంది. నాలుగు దినా..."

సాలమ్మ చేతిలో గిన్నె జారి బండ మీద పడింది. నేను చీకట్లో చెప్పుల కోసం తడుముకుంటున్నాను. సాలమ్మ అప్పటికే గేటు దాటి, బూడిద చేతులతోనే బస్సు ఆగే చోటికి పరుగెత్తుతోంది.