గురివిందకు చిల్లు పొడిచిన సూది

నేను ఒక సూదిని. నా భయమల్లా ఒక్కటే: నేను చిల్లు పొడిచిన గురివింద గింజ ఏ పసిబిడ్డ పళ్ళ మధ్యో నలుగుతుందని.

నన్ను నిప్పులో కాల్చారు, సాగదీశారు, మొన తేలేదాకా అరగదీశారు, కొయ్య పిడిలోకి దిగ్గొట్టారు. బట్టలు కుట్టే అదృష్టం నాకు లేదు. పువ్వుల్ని చీల్చడమే నా పని. ఇంటర్‌లో వృక్షశాస్త్రం చదివే హైమావతి నన్ను కొనుక్కుంది. మేమిద్దరం కలిసి చేసిన హత్యలు అన్నీ ఇన్నీ కావు.

మందార గొంతు కోస్తే కేసరాలన్నీ ఒకే గొట్టంగా అతుక్కుని కనిపించాయి. బెండలోనూ అంతే, పత్తిలోనూ అంతే. ముగ్గురిదీ ఒకే కుటుంబం. బంతిపువ్వు పొట్ట చీల్చాం. అది ఒక పువ్వు కాదు, ఒకే ఇంట్లో ఇరుక్కున్న వంద పువ్వులు. వంకాయ పువ్వునూ ఉమ్మెత్త పువ్వునూ పక్కపక్కన పరిస్తే అక్కాచెల్లెళ్ళని తేలిపోయింది, ఒకతె కూర, ఒకతె విషం. చిక్కుడు పువ్వుకేమో వెనక జెండాలా ఒక రేకు, అటూ ఇటూ రెండు రెక్కలు, కింద పడవలా అతుక్కున్న రెండు.

ఆ రోజు క్లాసులో మేడమ్ చెప్పింది. "కందీ, పెసరా, గురివిందా అన్నీ చిక్కుడు ఇంటివే. ఇంటిపేరు చూసి అందర్నీ నమ్మెయ్యకండమ్మా. గురివింద తొక్క గట్టిది, మింగినా చాలాసార్లు అలాగే బయటికొచ్చేస్తుంది. ఆ తొక్కకి చిల్లు పడిందా, ఒక్క గింజ చాలు పిల్లల ప్రాణానికి."

ఆ మాట కింద హైమావతి రెండు గీతలు గీసుకుంది. పరీక్షలకు పది రోజుల ముందు ఆమెకు తవిటినాయుడితో పెళ్ళి చేసేశారు. పువ్వుల గుట్టు విప్పే పిల్ల మెడలో పూలదండ వేసి కూర్చోబెట్టారు. మనుషుల శాస్త్రం మనుషులది.

చీరల మధ్య నేనూ అత్తారింటికి వెళ్ళాను. ఒకనాడు దడి మీద గురివింద తీగ పూస్తే, చదువు గుర్తొచ్చి హైమావతి పొంగిపోయింది. పువ్వు తెంచి అత్త సన్యాసమ్మకు చూపించింది. "ఇదీ మన కందిపప్పు జాతే అత్తా!" అంది. అంతలో హైమావతి చంటిపాప యామిని ఏడ్చింది. విషం సంగతి చెప్పకుండానే లోపలికి పరిగెత్తింది.

ఆ సగం పాఠం సన్యాసమ్మ మరిచిపోలేదు. మొన్నొకరోజు కోడలు జీడిపిక్కల మిల్లుకు పోగానే నన్ను పెట్టెలోంచి తీసి పొయ్యిలో పెట్టింది. ఎర్రగా కాలిన నన్ను ఒక్కో గింజలోకీ దించింది. తొక్క చిట్లిన చప్పుడు నా ఒళ్ళంతా పాకింది. అరవడానికి నాకు నోరేది? గింజలు ఏడేసి చొప్పున చేతికి కట్టే రెండు దిష్టి దండలు తయారయ్యాయి. ఒకటి మనవరాలు యామినికి, ఒకటి పక్కింటి గౌరీశ్వరి కొడుక్కి.

సాయంత్రం హైమావతి వచ్చేసరికి పాప మణికట్టు నోట్లో ఉంది. దారం మీద ఆరు గింజలే ఉన్నాయి.

పాప దవడలు విడదీసి వేలు దూర్చింది. కొత్త పళ్ళు కసుక్కున దిగాయి. నెత్తురుతో పాటు గింజ బయటికొచ్చింది. అది ఇంకా నలగలేదు. దండ తెంపి గోడవతలికి విసిరేసింది.

"ఓలమ్మో! దిష్టి దండ తెంపీసింది! గుంట బతకాలని నేదేటే నీకు?"

"విషం అత్తా అది! చిల్లు పడితే విషం!"

"ఏటి విషం? పప్పు జాతని నువ్వే గదే సెప్పినావు!"

ఆ కేకలకు వచ్చిన తవిటినాయుడు ఏమిటని అడగలేదు. హైమావతి చెంప మీద కొట్టాడు. ఆమె రుబ్బురోలు మీద పడింది, నుదురు చిట్లింది. రెండోసారి చెయ్యెత్తినప్పుడు రోలు పక్కనున్న నేను ఆమె చేతికందాను. అతని అరచేతిలోకి దిగాను. పువ్వులకూ మనుషులకూ తేడా ఏమిటంటే, మనుషులు కేక పెడతారు.

"పక్కింటి బాబుది కూడా తెంపండి!" అని అరుస్తూనే ఉంది హైమావతి.

"గౌరి మద్దేనమే బస్సెక్కి కన్నోరింటికి ఎల్లిపోనాది, సోంపేట," అంది సన్యాసమ్మ.

అతను నన్ను పీకి గోడవతల పెంటకుప్ప మీదికి విసిరాడు. ఆమె ఫోను నేలకేసి బద్దలు కొట్టాడు. తలుపుకు తాళం వేశాడు.

మూడు రోజులైంది. కిటికీలోంచి హైమావతి దారినపోయేవాళ్ళను పిలుస్తూనే ఉంది. నాయుడి పెళ్ళానికి పిచ్చెక్కిందని వాళ్ళు నడక పెంచుతున్నారు. నాకు తుప్పు మొదలైంది. నా పక్కన పడ్డ గింజ ఒకటి, నేను పొడిచిన చిల్లులోంచే వాన నీళ్ళు తాగి ఉబ్బుతోంది.

మీరు సోంపేట వైపు వెళ్తే గౌరీశ్వరి పుట్టిల్లు ఎక్కడో అడగండి. పిల్లాడికి ఇంకా ఏడాది నిండలేదు. ఎడమ చేతికి ఎర్రగా, నల్లగా ఉంటుంది దండ. ఏడు గింజలుంటే తెంపి పారేయండి. ఆరే ఉంటే నోట్లో వెతకండి. నోట్లో లేకపోతే వాడు నవ్వుతూ ఆడుకుంటున్నా సరే, ఎత్తుకుని ఆసుపత్రికి పరిగెత్తండి.