ఆరో పాటలో పదకొండు సెకన్లు

మా రెండో ఆల్బమ్ విన్నవాళ్ళు ఇప్పటికీ ఒకటే అడుగుతున్నారు. ఆరో పాట మధ్యలో పదకొండు సెకన్లు ఖాళీగా ఉందేమిటి, అప్‌లోడ్ చేసేటప్పుడు ఏమన్నా ఎగిరిపోయిందా అని. ఒకాయనైతే "అమ్మాయిలూ, కాస్త చూసుకోవద్దా?" అని సలహా కూడా పారేశాడు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది కాబట్టి, ముందు మంచి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి సార్ అని జవాబు రాశాను. అక్కడ ఖాళీ ఏమీ లేదు. చెవి రిక్కిస్తే, గోడకు అవతల ఎవరో పాడుతున్నట్టు ఒక గొంతు సన్నగా వినిపిస్తుంది. ఆ గొంతు సుప్రజది. అది అంత సన్నగా మిగలడానికి కారణం నేను.

మేం ముగ్గురం. నేను తేజస్వి, తర్వాత సుప్రజ, మనీషా. యూనివర్సిటీలో ఎం.ఏ. చదివే రోజుల్లో ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద కూర్చుని పాడుతూ పాడుతూ ఒక బృందమైపోయాం. ముగ్గురి చదువూ అంతంత మాత్రమే గనుక 'వానాకాలం' అని పేరు పెట్టుకున్నాం. మొదటి ఆల్బమ్ క్యాంపస్ హాస్టళ్ళన్నిటా మార్మోగింది. అందులో ఎక్కువ పాటల్లో ముందుండే గొంతు నాది. మా నాన్న రామాంజనేయులు అనంతపురం నుంచి వచ్చి యూనివర్సిటీ పరీక్షల విభాగంలో స్థిరపడిన మనిషి. క్వార్టర్స్‌లో ఎవరు ఎదురుపడినా ఆపి, "మా పాప పాడిండేది, విన్నారా?" అనేవాడు. ఆ రోజుల్లో నా కాళ్ళు నేల మీద ఆనలేదు.

సుప్రజ పాటలు రాసేది. ట్రాక్ కూడా తనే పాడేది. సంగీతం సిద్ధమయ్యాక ముందుగా ఒకరు పాటంతా పాడి పెడతారు, దాన్నే ట్రాక్ అంటాం. అసలు పాడేవాళ్ళు దాన్ని హెడ్‌ఫోన్స్‌లో వింటూ, ఆ దారిలోనే తమ గొంతుతో పాడతారు. పని అయిపోగానే ట్రాక్ చెరిపేస్తారు. సుప్రజకు శ్రుతి తప్పడమంటే ఏమిటో తెలీదు. అందుకే అన్ని పాటలకూ దారి వేసేది తను, ఊరేగేది నేను. అప్పట్లో నాకది న్యాయంగానే తోచింది.

మా స్టూడియో తార్నాకలో బుచ్చిరాములు సార్ ఇంటి మీది గది. ఆయన రామంతాపూర్ టీవీ కేంద్రంలో ముప్పై ఏళ్ళు సౌండ్ రికార్డిస్టుగా చేసి రిటైరయ్యారు. చింత చచ్చినా పులుపు చావదు కదా. ఒకసారి రికార్డు బటన్ నొక్కారంటే, మధ్యలో మేం నీళ్ళు తాగినా, తిట్టుకున్నా ఆపరు. "టేపు తిరుగుతనే ఉండాలె బిడ్డా. మంచిది ఎప్పుడొస్తదో ఎవరికెరుక?" అంటారు. నాకు మాత్రం రోజూ తిట్లే. నేను హెడ్‌ఫోన్స్‌లో సౌండు ఫుల్లుగా పెట్టుకుని, ఒక చెవి మీది డొప్పను వెనక్కి తోసి పాడతాను. "ఏంది తేజస్వీ, ట్రాకంత బయటికొచ్చి నీ మైకుల పడుతున్నది. చెవి మూసుకోని పాడరాదు?" అని మొత్తుకునేవారు. నేను వినేదాన్ని కాదు.

రెండో ఆల్బమ్‌కి 'తెరిపి' అని పేరు పెట్టి జులైలో మొదలుపెట్టాం. అందులో ఆరో పాట 'తడి గొడుగు'. సుప్రజ వాళ్ళ నాన్న అచ్యుతరామయ్యగారు పోయిన ఏడాదికి తను రాసుకున్న పాట అది. "గుమ్మం పక్కన తడి గొడుగు, వచ్చిందెవరో చెప్పదు" అని మొదలవుతుంది.

"ఇది నేను పాడనా?" అంది. మేం పాడటం మొదలుపెట్టాక అలా అడగడం అదే మొదటిసారి.

"పాడనీయవే, వాళ్ళ నాన్న పాట," అంది మనీషా.

"జనానికి తెలిసిన గొంతు నాది. నడుమ ఇంకొకరొస్తే ఆల్బమ్ దెబ్బతింటది," అన్నాను. ఎంత పెద్దమనిషి తరహాగా అన్నానో తలుచుకుంటే ఇప్పుడు నాకే చెంప పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

సుప్రజ వాదించే రకం కాదు. "సరేలే. ఈ ఒక్క ట్రాక్ మాత్రం చెరపకండి సార్. అమ్మకి వినిపిస్తాను," అంది. ఉంచుతా బిడ్డా అన్నారు సార్.

ఒక్క టేక్‌లో పాడేసింది. రెండో చరణం తర్వాత వాయిద్యాలన్నీ ఆగే చోట, కాగితం మీద లేని ఆలాపన ఒకటి ఎత్తుకుంది. అది అయిపోయాక సార్ కళ్ళద్దాలు తీసి చొక్కాకి తుడుచుకున్నారు.

మర్నాడు నేను పాడాను. ఏడు టేకులు. గొంతు బాగానే పలికింది గానీ పాట రాలేదు. ఆలాపన దగ్గరికొచ్చేసరికి ప్రతిసారీ నోరు పెగల్లేదు, ఊరికే నిలబడి హెడ్‌ఫోన్స్‌లో సుప్రజ పాడింది విన్నాను. ఏడోదానికి సార్ "సరిపోతది" అని లేచి చాయ్‌కి కిందికి దిగారు. 'బాగుంది' అనలేదు.

నేను కంప్యూటర్ ముందు కూర్చుని సుప్రజ ట్రాక్ చెరిపేశాను. రెండో డిస్కులో ఉన్న కాపీ కూడా వెతికి చెరిపేశాను. రెండు నిమిషాలు పట్టింది. తర్వాత కిందికి వెళ్ళి అందరితో పాటు చాయ్ తాగాను.

ఆగస్టు చివర్లో సుప్రజ మెడలో గడ్డ కనిపించింది. థైరాయిడ్ క్యాన్సర్ అన్నారు. తీసేస్తే ప్రాణభయం లేదు, కానీ అది గొంతును కదిపే నరాన్ని చుట్టుకుని ఉంది, నరం దక్కకపోవచ్చు అని డాక్టరమ్మ ముందే చెప్పింది. ఆపరేషన్‌కి ఇంకా నాలుగు రోజులుందనగా ముగ్గురం ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద కూర్చున్నాం.

"రేపు సార్ దగ్గరికెళ్ళి ఏదైనా పాడి పెట్టుకోవే," అంది మనీషా. ఫోన్లలో ఉన్నవన్నీ నవ్వులు, కూనిరాగాలు, ముక్కలు. సుప్రజ ఒక్కతే నిండుగా పాడిన పాట ఇంకోటి లేదు.

సుప్రజ మెడ తడుముకుంది. "నొప్పిగా ఉందే. అయినా ఎందుకు? 'తడి గొడుగు' ట్రాక్ ఉందిగా. దానికన్నా బాగా ఇప్పుడు పాడలేను." నా వైపు తిరిగింది. "ఉందిగా?"

"ఉన్నది," అన్నాను.

ఆ నాలుగు రోజులూ తేలు కుట్టిన దొంగలా గడిపాను. రోజుకు పదిసార్లు ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. చెబితే, ఎందుకు చెరిపావంటుంది. ఏం కాదులే, నరం దక్కుతుంది, మళ్ళీ పాడుతుంది, అప్పుడెవరూ పాత ట్రాక్ అడగరు అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

నరం దక్కలేదు. మాట నెమ్మదిగా కొంత మెరుగవుతుంది, పాట మాత్రం కష్టం అన్నారు. అక్టోబరుకి సుప్రజ గొంతులో గాలి తప్ప ఏమీ మిగల్లేదు. ఒక గురువారం వాళ్ళమ్మ కమలాదేవిగారు నల్లకుంట నుంచి ఫోన్ చేశారు. "తేజస్వీ, అమ్మాయి ఎల్లుండి స్టూడియోకి వస్తానంటోందమ్మా. ఆ ట్రాకేదో వింటుందిట. నేనూ వద్దామనుకున్నాను గానీ, మొదట తనొక్కతే వింటానంది. కాస్త దగ్గరుండి చూసుకో తల్లీ."

శుక్రవారం సార్ దగ్గరికి పరుగెత్తాను. ట్రాక్ పొరపాటున పోయింది సార్ అన్నాను.

"రెండు డిస్కులల్ల పొరపాటా?" అన్నారాయన. ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే మనిషి. తల దించుకున్నాను. తిడితే బాగుండేది, తిట్టలేదు. "నువ్వు డొప్ప పక్కకు జరిపి పాడుతవు గదా. ఆలాపన కాడ గమ్మున నిలబడ్డవ్. చూస్త. రేపు ఆ పిల్లను తోల్కరా," అన్నారు.

శనివారం తార్నాక చౌరస్తాలో సుప్రజ బస్సు దిగింది. మెడ చుట్టూ చున్నీ. సందులోకి మలుపు తిరిగాక చెప్పాను. "సుప్పూ, డిస్క్ నిండిపోయిందని పాతవి తీసేస్తుంటే, నా చేతిలనే నీ ట్రాక్ పోయింది."

ఆగిపోయింది. తర్వాత నా చెయ్యి తట్టింది.

"పోన్లేవే. కావాలని చేశావా ఏంటి?" అంది, ఆ గాలి గొంతుతో.

అక్కడే చెప్పెయ్యాల్సింది. చెప్పలేదు. "సార్ కొంచెం వెతికి పెట్టిన్రట, రా," అన్నాను.

సార్ ఇద్దరికీ చెరొక హెడ్‌ఫోన్స్ ఇచ్చారు. "ఇది తేజస్వి ఏడో టేకు. ఆమె చెవుల కాడికెల్లి నీ గొంతు బయటికొచ్చి మైకుల పడ్డది. ఎంతుందో గంతే బిడ్డా," అని బటన్ నొక్కారు.

నా గొంతు రెండో చరణం ముగించింది. తర్వాత నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో, చాలా దూరంగా, సుప్రజ ఆలాపన. సుప్రజ కళ్ళు మూసుకుంది. తొడ మీద వేళ్ళతో తాళం వేసింది. పెదవులు విచ్చుకున్నాయి, చున్నీ కింద గొంతు ఒకసారి పైకి లేచింది. శబ్దం రాలేదు. హెడ్‌ఫోన్స్‌లో పాడుతున్నదీ తనే, బయట పాడలేకపోతున్నదీ తనే. నేను తల తిప్పుకున్నాను.

ఆలాపన ముగియబోతుండగా, చెవిలో నోరు పెట్టి చెప్పినట్టు నా గొంతు గొణిగింది. "నావల్ల కాదు. ఇది దాని పాట. ఇది విన్నంక నన్నెవరు వింటరు?"

ఆ మాట అన్నట్టు నాకే గుర్తు లేదు. టేపు తిరుగుతూనే ఉంది కదా. సార్ ముందే విని ఉంటారు. కత్తిరించలేదు.

సుప్రజ హెడ్‌ఫోన్స్ తీసి ఒళ్ళో పెట్టుకుని నా వైపు చూసింది.

"కావాలనే చేసిన సుప్పూ," అన్నాను. "కుళ్ళుతోని చేసిన."

"ఎప్పుడు?"

"జులైల. ఇది పాడిన రోజే."

"అంటే మెట్ల మీద అడిగినప్పుడు నీకు తెలుసు."

తలూపాను.

"నాలుగు రోజులుంది కదే," అంది. దగ్గొచ్చింది, ఆగి ఊపిరి తీసుకుంది. "నొప్పున్నా పాడేదాన్నే."

సార్ మంచినీళ్ళిచ్చారు. ఈ ముక్క ఆల్బముల ఉంచాల్నా బిడ్డా అని అడిగారు. ఉంచమని తలూపింది. మరి ఈమె గొణిగిన మాటేం చెయ్యాలె అన్నారాయన.

"తీసెయ్యండి సార్. ఆలాపన మీద పడుతోంది," అంది సుప్రజ. తర్వాత నన్ను చూడకుండానే, "నువ్వు కాసేపు బయటుండు. నేను మళ్ళీ వింటాను," అంది.

స్టూడియో మెట్ల మీద కూర్చున్నాను. హెడ్‌ఫోన్స్‌లో వింటున్నది బయటికి వినపడదు. గంట తర్వాత నా పక్కనుంచి దిగి వెళ్ళింది. బస్సు దాకా వస్తానంటే వద్దని చెయ్యి ఊపింది.

సాయంత్రం కమలాదేవిగారి ఫోన్. ఎత్తాను.

"అమ్మాయి అంతా చెప్పిందమ్మా. యంత్రం పాడై ట్రాక్ పోయిందటగా. ఆ కాస్తయినా నీ రికార్డింగులోంచే దొరికిందట. ఇందాకట్నించి అమ్మాయి ఫోన్లో పదిసార్లు పెట్టించుకుని విన్నాను. మనసు చల్లబడిందమ్మా. నీ మేలు మర్చిపోలేం తల్లీ."

సుప్రజ నన్ను కాపాడింది. మళ్ళీ ఒకసారి నాకు దారి వేసి పెట్టింది, నడిస్తే చాలు. అవతల నుంచి ఆ పదకొండు సెకన్లు మళ్ళీ మొదలవడం వినిపించింది.

"ఆంటీ, యంత్రం పాడు కాలేదు," అన్నాను.

"ఏమిటమ్మా? వినపడలేదు, ఉండు, పాట ఆపుతాను," అన్నారామె.

ఆపాక మళ్ళీ చెప్పాను.