వాసన పుస్తకం

సాయంత్రం కోడలు గుమ్మంలో చెప్పులు విప్పకముందే అత్తగారు కుర్చీలోంచి లేచొచ్చి, ఆమె ఆఫీసు కోటు కాలరు పట్టుకుని ముక్కు దగ్గరకు లాక్కునేది. కళ్ళు మూసుకుని గట్టిగా పీల్చి తీర్పు చెప్పేది. "పైన కుళ్ళిన పళ్ళు. కింద కాలిన ప్లాస్టిక్. మధ్యలో ఇంకోటేదో ఉంది, ఆసుపత్రి వెనకాల వస్తుందే, అదీ. రాసుకో తల్లీ." కోడలు చీటీ మీద రాసుకునేది. ఆ తర్వాతే స్నానం, ఆ తర్వాతే వంట.

కోడలు ఊరి చివర చెత్త కంపెనీ ఆఫీసులో గుమాస్తా. ఉత్తరాలు టైపు చేయడం, ఫోన్లెత్తి జనం తిట్లు వినడం, వచ్చినవాళ్ళకు టీ పెట్టడం అన్నీ ఆమెవే. ఇవి చాలనట్టు మేనేజరు ఇంకోటి తగిలించాడు. రోజూ గేటు దగ్గర నిలబడి గాలి పీల్చి, వాసన ఎంతుందో పుస్తకంలో రాయాలి. "ఆడవాళ్ళ ముక్కు చురుకమ్మా. వంటింట్లో చేసే పనే కదా," అన్నాడు, ఏదో వరమిచ్చినట్టు. పుస్తకంలో మూడు గళ్ళు: లేదు, కొద్దిగా, ఎక్కువ. "ఆ మూడోదాని జోలికి పోకు," అని కూడా అన్నాడు.

రెండేళ్ళు తిరక్కుండానే ఆ చురుకైన ముక్కు చచ్చిపోయింది. ముందు పాలు మాడాయి, తర్వాత అన్నం. మొగుడు మంచివాడే, ఆమె మీద ప్రాణం కూడాను, కాకపోతే నోటికి సరదా ఎక్కువ. ఇంటికొచ్చిన స్నేహితుల ముందు "మా ఆవిడ ముక్కు కళ్ళజోడు ఆనించుకోవడానికే," అన్నాడు. అందరితోపాటు తనూ నవ్వింది. వాళ్ళంతా వెళ్ళాక వాళ్ళు తిన్న గిన్నెలు తోముతూ, నేనెందుకు నవ్వాను అనుకుంది. ఆఫీసులో తెలిస్తే ఉద్యోగం ఊడుతుంది. అత్తగారికి మాత్రం చెప్పుకుంది. ఆవిడ చెయ్యి పట్టుకుని, "పిచ్చిదానా, నీ ముక్కు పోతే నా ముక్కు లేదూ?" అంది. ఆ విధంగా డెబ్బై ఏళ్ళ మనిషి కంపెనీకి ఊరికే కొలువు చేయడం మొదలుపెట్టింది. కొళాయి దగ్గర ఆడవాళ్ళతో గొప్పలు కూడా పోయేది. "చూస్తూ ఉండండి, నేను చెప్పిందంతా మా కోడలు పుస్తకంలోకి ఎక్కిస్తోంది. మన నీళ్ళు పసుపెక్కడం, పిల్లల దగ్గు, అన్నీ ఒకనాటికి తేలతాయి."

ఎక్కించింది 'కొద్దిగా' అన్న గడిలో టిక్కు మాత్రమే. ఆ సంగతి అత్తగారికి చెప్పడానికి కోడలికి నోరు రాలేదు.

ఒకరోజు మేనేజరు పిలిచాడు. చెత్తగుట్టను ఆమె ఉండే వీధి వెనక గోడదాకా పెంచడానికి కంపెనీ అనుమతి అడిగింది. విచారణలో చూపించేది ఈ పుస్తకమే. "ఆఖరి పేజీలో 'పై వివరాలు నిజం' అని రాసి సంతకం పెట్టమ్మా. ఆ వీధి మనిషే రాసిందంటే ఇంకెవరు నోరెత్తుతారు?" ఆమె పేజీలు తిప్పింది. ఒక పేజీ చూస్తే చచ్చిన ఎలుకలు, ఇంకో పేజీ చూస్తే కాలిన టైర్లు, అత్తగారు దగ్గుతూ చెప్పిన ప్రతి రోజూ గుర్తొచ్చింది. అన్నిటి ఎదురుగా కొద్దిగా, కొద్దిగా, కొద్దిగా. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. రేపు పెడతానంది. గేటు దాటుతుంటే లారీ అడుగునుంచి కారుతున్న నల్లటి నీళ్ళు కోటు భుజమంతా చిందాయి. గుట్ట చుట్టూ తిరిగి ఇంటివైపు వెళ్ళే బస్సులో పక్కసీటామె లేచి వెనక్కి వెళ్ళిపోయింది.

ఇంటి దగ్గర అత్తగారు కాలరు లాక్కుని పీల్చింది. మళ్ళీ పీల్చింది. "ఇవాళ ఏం లేదే, ఉతికిన బట్టలా ఉంది," అంది. అప్పుడు భుజం మీది నల్లటి తడి కనబడింది. దానికి ముక్కు ఆనించి మూడోసారి పీల్చింది. ఆవిడ ముఖం పాలిపోయింది. "జలుబు చేసినట్టుంది," అంది, లేని జలుబుకు కొంగుతో ముక్కు తుడుచుకుంటూ.

లోపలినుంచి వచ్చిన మొగుడు ముక్కు మూసుకున్నాడు. "ఏంటీ కంపు! ముందు ఆ కోటు విప్పు!" తల్లి వైపు చూశాక గానీ అతనికి అర్థం కాలేదు. "వయసు కదమ్మా, పెద్దతనంలో..." అన్నాడు మెల్లగా.

"అత్తయ్యకైతే వయసు. మరి నాకేమొచ్చింది?" అంది ఆమె.

అతను కోటు తీసుకెళ్ళి కొళాయి కింద తనే కూర్చుని ఉతికాడు. పెళ్ళయ్యాక అతను ఆమె బట్ట ఉతకడం అదే మొదలు.

"పోనీలే," అంది అత్తగారు, "ఇన్నాళ్ళూ నేను చెప్పినవన్నీ పుస్తకంలో ఉన్నాయిగా."

"లేవత్తయ్యా. అన్నిటికీ 'కొద్దిగా' అనే పెట్టాను. క్షమించండి."

అత్తగారు ముక్కు మీంచి కొంగు తీసేసింది. "సంతకం పెట్టావా?"

"ఇంకా లేదు."

"సంతకానికి పైన రాయడానికి చోటుందా?"

"ఉంది."

"అయితే రా, అన్నం తిందాం," అని కోడలి తల నిమిరింది.

మర్నాడు మేనేజరు తన పెన్నే ఇచ్చాడు. ఆమె నిదానంగా, పిల్లలకు కూడా అర్థమయ్యేంత గుండ్రటి అక్షరాలతో రాసి, కింద సంతకం పెట్టి పుస్తకం అతని వైపు తిప్పింది.

'ఈ పుస్తకం కోసం వాసన చూసినవాళ్ళం ఇద్దరం. ఇద్దరికీ ఇప్పుడు ఏ వాసనా తెలియదు.'